రాడ్ వేసిన తర్వాత ఎముక చేయాల్సిన పని

హనుమకొండలో ఫిజియోథెరపీ చేస్తున్న నా దగ్గరికి తొడ ఎముకో, మోకాలి కింది ఎముకో విరిగి లోపల రాడ్ వేయించుకున్న వాళ్లు తరచుగా వస్తుంటారు. జనగామ, పరకాల, నర్సంపేట దారుల్లో బైకు ప్రమాదాలకు గురైన యువకులు, తాడిచెట్టు మీది నుంచి పడిన గీత కార్మికులు వారిలో ఉంటారు. "రాడేసిన్రు గదా సార్, ఇగ అతికినట్టే గదా?" అని వారిలో చాలామంది అడుగుతారు. ఆపరేషన్ బాగా జరిగినా నెలల తరబడి కోలుకోలేకపోయిన కొందరిని చూసినప్పుడు, ఈ ప్రశ్నకు ఆసుపత్రిలోనే ఎవరైనా తీరిగ్గా జవాబు చెప్పి ఉంటే బాగుండేదని నాకు బలంగా అనిపిస్తుంది.

రాడ్ ఎముకను అతికించదు. స్లాబు గట్టిపడే దాకా సెంట్రింగ్ దాన్ని మోసినట్లుగా, ఎముక తనంతట తాను అతుక్కునే దాకా విరిగిన ముక్కలను రాడ్ సరైన వరుసలో పట్టి ఉంచుతుంది. తొడ ఎముక నడుమ మూలుగ ఉండే గొట్టం వంటి ఖాళీ ఉంటుంది. తుంటి దగ్గరో మోకాలి దగ్గరో చిన్న కోత పెట్టి, ఆ ఖాళీని లోపలి నుంచి కొద్దిగా తొలిచి వెడల్పు చేసి, స్టీలుతో గానీ టైటానియంతో గానీ చేసిన పొడవాటి రాడ్‌ను విరిగిన చోటు దాటేలా దించుతారు. తొలిచినప్పుడు రాలే ఎముక పొడి విరిగిన చోట చేరి అతుకుకు తోడ్పడుతుంది. ఆ తర్వాత సీ-ఆర్మ్ అనే, ఆపరేషన్ జరుగుతుండగానే ఎక్స్‌రే చూపించే యంత్రం తెర మీద చూసుకుంటూ రాడ్ పైచివర, కిందిచివర ఉన్న రంధ్రాల గుండా అడ్డంగా స్క్రూలు బిగిస్తారు. ఈ స్క్రూలు లేకపోతే, ముక్కలు ముక్కలైన ఎముక రాడ్ చుట్టూ తిరిగిపోవచ్చు, కాలు పొట్టిదైపోవచ్చు.

ఈ పద్ధతికి బాట వేసినవారు జర్మనీలోని కీల్ నగరానికి చెందిన శస్త్రవైద్యుడు గెర్హార్డ్ కుంట్షర్. ఆయన 1939లో తొడ ఎముకలోకి స్టీలు రాడ్ దించారు. అంతవరకు తొడ విరిగినవారు కాలికి బరువు కట్టించుకుని వారాల తరబడి మంచం మీదే ఉండేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీకి చిక్కి, ఇటువంటి రాడ్లతో స్వదేశాలకు తిరిగి వచ్చిన యుద్ధఖైదీల ఎక్స్‌రేలు చూసి మిత్రదేశాల వైద్యులు ఆశ్చర్యపోయారు. రెండు చివర్లా స్క్రూలతో బిగించే రాడ్లు 1970ల తర్వాతే స్థిరపడ్డాయి. సీ-ఆర్మ్ లేని ఆసుపత్రుల్లోనూ వేయగలిగే రాడ్‌ను అమెరికా వైద్యుడు లూయిస్ జర్కిల్ స్థాపించిన సైన్ సంస్థ 1999 నుంచి పేద దేశాలకు అందిస్తోంది. ఈ చరిత్రలో నన్ను కదిలించే విషయం ఇదే.

ఇక అసలు విషయానికి వస్తే, లోహానికి కూడా అలసట ఉంటుంది. మనం వేసే ప్రతి అడుగుకూ రాడ్ కొంచెం వంగి మళ్లీ నిటారవుతుంది. అలా లక్షలసార్లు వంగినా తట్టుకునేలా దాన్ని తయారుచేస్తారు గానీ, ఎముక అతకకుండా భారమంతా రాడ్ మీదే పడుతూ ఉంటే, సాధారణంగా స్క్రూ రంధ్రం ఉన్న చోట అది విరుగుతుంది. కాబట్టి లోహం అలసిపోయేలోగా ఎముక అతకాలి. తొడ ఎముకకు సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. మోకాలి కింది ఎముకకు ముందువైపు చర్మం తప్ప కండ దాదాపు ఉండదు, రక్త ప్రసరణ తక్కువ. అందుకే అది ఇంకా నెమ్మదిగా అతుకుతుంది, బయటికి పొడుచుకొచ్చే గాయాలు కూడా దానికే ఎక్కువ. తొమ్మిది నెలలు గడిచినా అతుకు కనిపించకపోతే పాత రాడ్ తీసి, లోపల మరికాస్త తొలిచి, అంతకంటే మందమైనది వేయవలసి రావచ్చు.

అలాగని కాలిని అసలే వాడకుండా ఉండకూడదు. ఎముక అతకడానికి దాని మీద తగినంత బరువు ఒత్తిడి పడాలి. కాలు మోపితే రాడ్ విరుగుతుందన్న భయంతో నెలల తరబడి మంచం దిగని వారి మోకాలు బిగుసుకుపోతుంది, తొడ కండ కరిగిపోతుంది. ఎంత బరువు మోపవచ్చో ఎముక విరిగిన తీరును బట్టి సర్జన్ చెప్పాలి, ఆ మాటను మీరే అడిగి తెలుసుకోవాలి. మోకాలు వంచడం, పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం మాత్రం సాధారణంగా మొదటి రోజుల్లోనే మొదలుపెట్టిస్తాం. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా కూడా ఇది కాపాడుతుంది.

ఇంట్లో పెట్టే పథ్యం నన్ను చాలా బాధపెడుతుంది. పప్పు తింటే, గుడ్డు తింటే చీము పడుతుందని చెప్పి పెద్దలు ప్రేమతోనే మానిపిస్తారు. కానీ కొత్త ఎముకకు కావలసిన మాంసకృత్తులు వాటిలోనే ఉన్నాయి. నిజంగా మానవలసింది బీడీ, సిగరెట్. పొగాకు అతుకును ఆలస్యం చేస్తుందని రుజువైంది. షుగర్ ఉన్నవారు దాన్ని అదుపులో పెట్టుకోకపోతే చీము పట్టే ప్రమాదం నిజంగానే పెరుగుతుంది.

ఆపరేషన్ ఖర్చుకు భయపడి ముందు నాటు కట్టు కట్టించుకుని వచ్చేవారూ ఉన్నారు. కట్టు కట్టేవారి మీద నాకు అగౌరవం లేదు. అయితే తొడ విరిగితే లోపలే లీటరు దాకా రక్తం పోవచ్చు. మోకాలి కింద విరిగి వాచిన కాలికి గట్టిగా కట్టు కడితే, లోపలి ఒత్తిడికి కండ కొన్ని గంటల్లోనే చచ్చిపోతుంది. కట్టిన తర్వాత నొప్పి పెరుగుతూ పోయినా, కాలి వేళ్లు కదిపితే భరించలేనంత నొప్పి వచ్చినా, తిమ్మిరెక్కినా కట్టు వెంటనే విప్పించి ఆసుపత్రికి తీసుకుపోవాలి. వరంగల్ ఎంజీఎం వంటి ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కూడా ఉంది. ఖర్చు గురించి వాకబు చేయకుండా ఆగిపోవద్దు.

రాడ్ తీయించుకోవాలా అని చాలామంది అడుగుతారు. పెద్దవారిలో ఇబ్బంది లేకపోతే సాధారణంగా తీయనక్కర్లేదు. మోకాలి దగ్గర నుంచి వేసిన రాడ్ వల్ల కొందరికి గొంతుకూర్చున్నప్పుడు, మోకరిల్లినప్పుడు ముందువైపు నొప్పి ఉంటుంది. పత్తి ఏరేవారికి, నాట్లు వేసేవారికి, మోకు వేసుకుని చెట్టెక్కేవారికి అది చిన్న సమస్య కాదు కాబట్టి సర్జన్‌తో తప్పక మాట్లాడాలి. తీసిన తర్వాత స్క్రూ రంధ్రాలు పూడేదాకా ఆ ఎముక బలహీనంగా ఉంటుంది, కొన్ని వారాలు బరువులు ఎత్తకూడదు. తీయడానికి సరిపోయే పనిముట్టు కంపెనీని బట్టి మారుతుంది. అందుకే రాడ్ కొలతలు, కంపెనీ పేరు ఉన్న స్టిక్కర్‌ను డిశ్చార్జి కాగితాలతో కలిపి భద్రపరచమని నా దగ్గరికి వచ్చే ప్రతి కుటుంబానికీ చెబుతాను.