పుట్టింటికి వెళ్లిన వీణ

అమ్మ వీణ మూగబోయి నాలుగేళ్లయింది. మా ఊళ్లో ఒక షాపులో రిపేరుకి ఇస్తే, మెట్ల కింద మైనం మొత్తం గీకేసి, లప్పం లాంటిదేదో పెట్టి బిగించి ఇచ్చారు. చూడ్డానికి కొత్తదానిలా మెరిసిపోయింది. అమ్మ ఒళ్లోకి తీసుకుని నాలుగు స్వరాలు పలికించి గాంధారం దగ్గర ఆగిపోయింది. మళ్లీ మీటింది. "ఇది నా వీణ కాదే" అని పక్కన పెట్టేసింది. ఆ తర్వాత ముట్టుకోలేదు. ఆ షాపు మీద వచ్చిన కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

ఆ వీణ 1961లో బొబ్బిలి నుంచి వచ్చింది. అమ్మ విజయనగరం సంగీత కళాశాలలో చేరినప్పుడు మా తాతయ్య కొనిచ్చారు. 1919లో మొదలైన కళాశాల, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. అక్కడ చదువుకున్నానని చెప్పేటప్పుడు అమ్మ ఇప్పటికీ కాస్త నిటారుగా కూర్చుంటుంది. "చేసినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లు" అని ఈ సంక్రాంతి వెళ్లాక తనే అంది. ఆ మాట కోసమే నాలుగేళ్లుగా ఎదురుచూస్తున్నాను. వారం తిరక్కుండా బయల్దేరాను.

రాజమండ్రి నుంచి విజయనగరం దాకా ఇబ్బంది లేదు. అక్కడ రైలు మారడమే కష్టమైంది. రెండు బొంతలు చుట్టిన నాలుగడుగుల వీణని ఎత్తుకుని మెట్లెక్కి దిగుతుంటే, ఎవరి భుజం తగులుతుందోనని గుండె దడ. రాయపూర్ లైన్లో వెళ్లే పాసింజరు ఎక్కాక ఊపిరి పీల్చుకున్నాను. గజపతినగరం, కోమటిపల్లి, దొంకినవలస. కిటికీ పక్కన తాటిచెట్లు, మామిడి తోటలు, దూరంగా నీలంగా కొండలు. సీటు మీద వీణని పడుకోబెట్టి నేను అంచున కూర్చున్నాను. ఎవరూ లేవమనలేదు. ఎదురుగా ఉన్న ముసలావిడ బొంత చూసి "వీణా? గొల్లపల్లికా?" అంది. ఆ దారిలో అలాంటి మూట ఎటు వెళ్తుందో అందరికీ తెలుసు.

బొబ్బిలి అనగానే మనకి యుద్ధమే గుర్తొస్తుంది. 1757 జనవరి 24, ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, తాండ్ర పాపారాయుడు. చిన్నప్పుడు బుర్రకథలో విన్న ఊరు అది. యుద్ధ స్తంభం చూసి దణ్ణం పెట్టుకున్నాను కానీ ఎక్కువసేపు నిలబడలేదు. నా మనసంతా ఆటోలో ఉన్న వీణ మీదే ఉంది.

గొల్లపల్లి బొబ్బిలిని ఆనుకునే ఉంటుంది. వీణలు చేసే కుటుంబాల్లో చాలామంది ఇంటిపేరు సర్వసిద్ధి. వీధిలోకి మలుపు తిరగగానే ఉలి మీద సుత్తి పడే చప్పుడు వినిపించింది. మేం వెళ్లిన ఇంటి వసారాలో పనస దుంగలు ఆరబెట్టి ఉన్నాయి. నేల మీద పసుప్పచ్చటి చెక్కపేళ్లు. పెద్దాయనకి డెబ్భై దగ్గర్లో ఉంటాయి. బొంత విప్పగానే ముందు వీణ వంక కాదు, దాని చివర చెక్కిన, సింహంలాంటి యాళి ముఖం వంక చూశారు.

"మా ఇంటిదేనమ్మా. మా తాత చెక్కిన యాళి. ఆ కళ్లు చూడండి."

లప్పం చూశాక మాత్రం ముఖం మాడిపోయింది. ఏమీ అనలేదు. గోటితో ఒక ముక్క పెకలించి బయటికి విసిరేశారు.

కుండ, అంటే వీణ గుండ్రటి భాగం, దాని మీద ఉండే పలక ఒక పక్క లేచిందని, దాన్ని మొత్తం తీసి అతికించాలని చెప్పారు. అంటే వీణ కడుపు తెరవడమే. నేను ఒప్పుకోడానికి ఐదు నిమిషాలు పట్టింది. పల్చటి రేకుతో అంచు చుట్టూ నెమ్మదిగా కదుపుతూ, నాలుగు వేళ్లతో పలకని పైకి లేపారు. ఆ క్షణం నేనెప్పటికీ మర్చిపోలేను. వీణ పైన ఏళ్ల తరబడి చేతి చెమటకీ, పాలిష్‌కీ ముదురు ఎరుపులోకి తిరిగింది. లోపల మాత్రం ఇంకా పనస చెక్క రంగే. అరవై ఏళ్లుగా వెలుతురు చూడని పసుపు. దగ్గరికి వంగితే సన్నగా తియ్యటి వాసన కూడా వచ్చింది, లేదా వచ్చిందని నాకనిపించింది.

పెద్దాయన టార్చ్‌లైటు వేసి లోపలికి చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. బొబ్బిలి వీణ ఏకాండి. కుండ, మెట్లుండే పొడవాటి దండి, మెడ అన్నీ ఒకే దుంగలోంచి వస్తాయి, అతుకులుండవు. అందుకే కుండని లోపలినుంచి చేత్తో తొలవాలి. వంపు ఉలితో ఒక్కో పొర తీస్తూ, వేళ్లతో తట్టి చూసుకుంటూ, చెక్క మందం ఎక్కడ ఎంత ఉంచాలో ఆ చప్పుడుని బట్టి తెలుసుకుంటారు. పైన ఎంత నునుపు చేసినా లోపల ఉలి గాట్లు అలాగే ఉండిపోతాయి. ఆయన చూస్తున్నది ఆ గాట్లనే.

"తప్పు చెప్పాను. ఇది తాతది కాదు" అన్నారు. నా చెయ్యి పట్టి లోపల పెట్టించారు. "గాట్లు ఇటునుంచి అటు వాలి ఉన్నాయి చూడండి. మా అందరివీ అటునుంచి ఇటు వస్తాయి. ఇది మా చినతాత పని. ఆయనది ఎడంచేతి వాటం."

లోపల నుంచి ఆయన కొడుకు కూడా వచ్చి తొంగిచూశాడు. ఆ ఇంట్లో చినతాత చేసిన వీణ ఒక్కటీ లేదట. అసలు ఆ పేరే ఎవరూ ఎత్తరట.

మర్నాడు జిగురు ఆరేదాకా పనేమీ లేదు. నేను వసారాలో కూర్చున్నాను, ఆయన దుంగని బాడిసతో చెక్కుతూ చెప్పుకుంటూ వచ్చారు. నేను వెళ్లింది వీణ బాగుచేయించుకోడానికే అయినా, నాకు దొరికింది ఆ ఇంటి కథ.

వాళ్ల ముత్తాత కోటలోకి వెళ్లి పనిచేసేవాడట. సంస్థానం రోజుల్లో వీణ కొనేవాళ్లు ఎవరో ముందే తెలుసు. పండితులు, జమీందార్ల ఇళ్లు. ధాన్యం కొలిచి ఇచ్చేవారు, బట్టలు పెట్టేవారు. పని తెలిసినవాడు తిండికి వెతుక్కోనక్కర్లేదు. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చింది. జమీందారీలు పోయాయి. రైతులకి అది మంచే చేసింది, అందులో అనుమానం లేదు. కానీ గొల్లపల్లి వీణల వాళ్లకి కోట గేటు మూసుకుపోయింది. అప్పటిదాకా చెక్కడమే తెలిసిన మనుషులు ఇక అమ్మడం నేర్చుకోవాల్సి వచ్చింది.

అన్నదమ్ములిద్దరూ కొన్నాళ్లు కలిసే లాక్కొచ్చారు. సంగీత కళాశాలలో పిల్లలు, రేడియోలో వాయించే విద్వాంసులు, మా తాతయ్యలాంటి నలుగురైదుగురు మధ్యతరగతి తండ్రులు. నెలకో వీణ పట్టే పని, ఏడాదికి వచ్చే ఆర్డర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒక ఇంటికి సరిపోయే గింజలు రెండు సంసారాలకి ఎక్కడ సరిపోతాయి? 1962లో మాటామాటా పెరిగి చినతాత ఖరగ్‌పూర్ వెళ్లిపోయాడు. అప్పట్లో మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఎంతోమంది అక్కడి రైల్వేలో పనికి వెళ్లేవారు. వడ్రంగిగా చేరి రైలు పెట్టెలకి చెక్క బిగించాడు. మళ్లీ వీణ ముట్టుకోలేదు.

"గొడవ దేనికండీ?" అని అడిగాను.

"తలుపులు, మంచాలు చేద్దామన్నాడట చినతాత. వీణలు చేసిన చేత్తో మంచాలా అని మా తాత ఉలి విసిరికొట్టాడట. పదేళ్లు తిరిగేసరికి మా నాన్న చేసిందేమిటి? మంచాలే." ఆయన బాడిస ఆపి చెమట తుడుచుకున్నారు. "కానీ అప్పుడు పోయినోడు పోయాడు కదమ్మా."

కుటుంబ వ్యాపారం అనగానే తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి తిన్నగా దిగివచ్చిన గీత ఒకటి గీసుకుంటాం. ఆ వసారాలో కూర్చుంటే నాకు అలా కనిపించలేదు. ఒకరు వెళ్లిపోతే మిగిలిన తిండితో ఇంకొకరు నిలబడ్డారు. వెళ్లినాయన చేసిన వీణతో మా అమ్మ డిప్లొమా పూర్తి చేసింది, నలభై ఏళ్లు పిల్లలకి పాఠాలు చెప్పింది. ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. నేను చెప్పాను. ఎంతమంది పిల్లలని అడిగారు. లెక్క తెలియదన్నాను.

ఇప్పుడు ఇల్లు నడిచేది అడుగు పొడవు వీణల మీద. సన్మానాల్లో శాలువాతో పాటు చేతికిస్తారే, అవి. వాటికి తీగెలుంటాయి కానీ పలకవు. భౌగోళిక గుర్తింపు వచ్చాక బొబ్బిలి పేరు చూసి అడిగేవాళ్లున్నారు. అలాంటి వీణలంటే నాకు పెద్దగా గౌరవం ఉండేది కాదు. ఆ ఇంట్లో రెండో రోజు మధ్యాహ్నానికి ఆ అభిప్రాయం మార్చుకున్నాను. "అవి మాకు బియ్యం, పప్పు. పెద్ద వీణ మాకు పేరు. పేరు తిని బతకలేం కదా" అన్నారాయన.

ఆ చిన్నవీణల లెక్కంతా కోడలిదే. పార్వతీపురం వైపు వ్యవసాయం చేసే ఇంటి నుంచి వచ్చిన అమ్మాయి. పెళ్లయ్యేనాటికి వీణని సరస్వతీదేవి పటంలో తప్ప చూడలేదట. ఇప్పుడు వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుంటుంది, రంగులు వేస్తుంది, అట్టపెట్టెల్లో పెట్టి కొరియర్‌కి పంపుతుంది. పాత పుస్తకాల్లో మామగారు పెన్సిల్‌తో రాసుకున్న బాకీలు కొన్ని తనే ఫోన్లు చేసి వసూలు చేసిందట. ఎన్ని చిన్న ఆర్డర్లున్నా ఏడాది పొడవునా ఒక పెద్ద వీణ పని నడుస్తూనే ఉండాలని పట్టుబట్టిందీ తనే. "లేకపోతే ఆయన చెయ్యి మర్చిపోతుందండీ" అంది, మొగుణ్ని చూపించి. పెద్దాయన రెండో కొడుకు విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో బాధేమీ లేదు. ఒక కొడుకు బయటుంటే ఈ కొడుకు ఇక్కడ ఉండగలిగాడన్నది ఆయన లెక్క.

మూడో రోజు మేళం కట్టారు, అంటే మెట్లు అమర్చారు. తేనెమైనంలో గుగ్గిలం, మసి కలిపి కాచి, నల్లటి ఆ ముద్దని దండి మీద రెండు వరసలుగా పేర్చారు. దాని మీద 24 కంచు మెట్లు, స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలవి, ఒక్కొక్కటీ కూర్చోబెట్టాలి. దూరాలు కొలిచే స్కేలు ఏదీ లేదు. తీగె మీటడం, వినడం, కాల్చిన ఇనప పుల్లతో మైనాన్ని మెత్తబరిచి మెట్టుని గోరంత జరపడం. మైనం కాబట్టే మళ్లీ మళ్లీ సరిదిద్దుకోవచ్చు. ఎండలో పెడితే కరిగి మెట్లు కదిలిపోయేదీ అందుకే. లప్పం పెట్టినవాళ్లు గట్టిగా ఉంటే మంచిదనుకున్నారు కాబోలు.

గాంధారం దగ్గరికి వచ్చేసరికి నేను ఊపిరి బిగబట్టాను. పెద్దాయన మీటారు, తలూపారు, తర్వాతి మెట్టు చేతిలోకి తీసుకున్నారు. లోపల వంటింట్లోంచి కోడలి గొంతు వినిపించింది. "మావయ్యా, అది కొంచెం కిందకుంది."

ఆయన మళ్లీ మీటి విన్నారు. పుల్ల కాల్చుకుని, వెంట్రుకవాసి జరిపారు. "ఇప్పుడో?"

"ఆఁ, ఇప్పుడు సరిపోయింది" అంది, పోపు చప్పుడు మధ్యలోంచి.

పలక అతికించే ముందే మొదటిరోజు నేనొక కోరిక కోరాను. లోపల ఆ చినతాత పేరు రాయమని. పెద్దాయన కాసేపు ఆలోచించి పెన్సిల్ తీసుకుని, పేరు, 1961 అని రాశారు. కింద తన పేరు రాయమంటే రాయలేదు. "నేను చేసింది రిపేరే కదా."

సాయంత్రం ఏడు తీగెలూ కట్టాక, "మీ అమ్మగారి శ్రుతి ఎంతమ్మా?" అని అడిగారు. నాకు తెలియదు. సిగ్గేసింది. ఫోన్ చేసి స్పీకర్ పెట్టి, అమ్మా, నీ శ్రుతి ఎంత అని అడిగారు, వీణకి పెట్టాలి అన్నాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు. అంకె చెబుతుందనుకున్నాను. గొంతు సవరించుకున్న చప్పుడు. ఆ తర్వాత సన్నగా, కొంచెం వణుకుతూ, అమ్మ "సా" పట్టింది.

పెద్దాయన తీగె బిగించే బిరడా మీద చెయ్యేసి, కళ్లు మూసుకుని తిప్పడం మొదలుపెట్టారు.