ఈ మార్పు మా వార్డులో ఎవరికి వర్తిస్తుంది?

కేంద్ర ఆరోగ్య విధానాల్లో వచ్చే మార్పులను కనిపెట్టుకుని ఉండాలని నా నియామక పత్రంలో ఎక్కడా రాసి లేదు. హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో మెడికల్ సోషల్ వర్కర్‌గా పని చేస్తున్నాను. డబ్బు లేక చికిత్స మధ్యలో వదిలేసే వాళ్లతో మాట్లాడటం, ఎవరికి ఏ పథకం కింద ఏం దొరుకుతుందో చూసిపెట్టడం నా పని. అది సరిగా చేయాలంటే ఢిల్లీలో ఏం మారిందో నాకు తెలిసి తీరాలి. పిలిచి చెప్పేవాళ్లు లేరు కనుక నేనే వెతుక్కుంటాను.

వార్త చదివితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. 2024 సెప్టెంబర్ 11న కేంద్ర మంత్రివర్గం 70 ఏళ్లు దాటిన వారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద ఏటా 5 లక్షల రూపాయల వరకు వైద్యం ఇవ్వాలని నిర్ణయించింది. మర్నాడే పత్రికలన్నీ పెద్ద అక్షరాలతో వేశాయి. పథకం ప్రారంభమైంది మాత్రం అక్టోబర్ 29న. ఆ మధ్య వారాల్లో పేపర్ కటింగ్ పట్టుకుని వచ్చిన పెద్దవాళ్లకు కౌంటర్ దగ్గర 'మాకు ఇంకా ఏమీ రాలేదు' అన్న జవాబే దొరికింది. అది అబద్ధం కాదు, నిజంగానే రాలేదు. కానీ కర్ర పట్టుకుని బస్సులో వచ్చిన మనిషికి ఆ తేడా ఎవరు విడమరిచి చెప్పాలి? అందుకే ఏ ప్రకటన వచ్చినా ముందు ఉత్తర్వు కోసం చూస్తాను. అందులో నాలుగు సంగతులు దొరికేదాకా రోగులకు చెప్పను: ఎవరికి, ఏ తేదీ నుంచి, ఏ రాష్ట్రంలో, ఏ కాగితం చూపిస్తే.

ఆ 70 ఏళ్ల నిబంధనలోనే పత్రికలు పెద్దగా పట్టించుకోని ఒక వాక్యం ఉంది. అప్పటికే ఆయుష్మాన్ కార్డు ఉన్న కుటుంబంలో 70 దాటిన వారుంటే, వారికోసం మరో 5 లక్షలు విడిగా ఉంటాయి. ఇంట్లో 70 లోపు వాళ్లతో దాన్ని పంచుకోనక్కరలేదు. ఈ ఒక్క వాక్యం ఎంత బరువైనదో ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన ఒక కుటుంబం దగ్గర చూశాను. పెద్దాయనకు గుండెలో స్టెంట్ వేయాలి. మనవరాలికి గుండె ఆపరేషన్ చేయాలని వేరే చోట చెప్పారు, ఇంకా తేదీ ఇవ్వలేదు. కోడలు నన్ను పక్కకు పిలిచి, మామగారికి వినపడకుండా అడిగింది: "మేడం, ఈయన కార్డు వాడేస్తే నా పిల్లకు మిగులుతుందా?" ఆయనకు వినపడనే వినపడింది. "నాకేమీ వద్దమ్మా, పిల్లకే ఉంచండి, నేను ఇంటికి పోతాను" అని చొక్కా గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

ఆయన పక్కన కూర్చుని, మీ 5 లక్షలు వేరు, పిల్ల 5 లక్షలు వేరు, మీరు వాడుకుంటే పిల్ల వాటాలో రూపాయి కూడా తగ్గదు అని చెప్పాను. ఆయన నమ్మలేదు. ఫోనులో ఉత్తర్వు తెరిచి, హిందీ పాఠంలో ఆ వాక్యం కింద వేలు పెట్టి చూపించాను. ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ చదివి, కోడలితో మళ్లీ చదివించుకున్నాడు. తర్వాతే గుండీలు విప్పాడు. ఆ వాక్యం నాకు తెలియకపోయి ఉంటే ఆయన ఆ రోజు వెళ్లిపోయేవాడు, కుటుంబం కోసం త్యాగం చేశానన్న తృప్తితో వెళ్లిపోయేవాడు. ఆ త్యాగం అవసరమే లేదని ఎవరికీ తెలిసేది కాదు.

వేరే రాష్ట్రాల రోగుల గురించి ఇంకొంచెం చెప్పాలి. ఆయుష్మాన్ కార్డుతో దేశంలో ఏ రాష్ట్రంలోనైనా ఎంప్యానెల్ అయిన, అంటే పథకం జాబితాలో ఉన్న, ఆసుపత్రిలో చేరవచ్చు. ఖర్చు భరించేది రోగి సొంత రాష్ట్రం. కనుక ఆ రాష్ట్రం పథకంలో ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న. సంగారెడ్డి, పెద్దపల్లి వైపు ఇటుక బట్టీలకు ఒడిశాలోని బలాంగీర్, నువాపడా జిల్లాల నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. ఒడిశా చాలా ఏళ్లు ఆయుష్మాన్ బయటే ఉండి, సొంత పథకం నడుపుకొంది. 2025 జనవరిలో కేంద్రంతో ఒప్పందం చేసుకుంది, ఏప్రిల్‌లో అమలు మొదలైంది. తెలుగు పత్రికల్లో ఆ వార్త ఏ మూలనో వచ్చి ఉంటుంది. నాకు మాత్రం ఆ సంవత్సరపు ముఖ్య వార్తల్లో అది ఒకటి. బట్టీ దగ్గర కాలు విరిగినవాడిని "మీ ఊళ్లో కార్డు చేయించుకున్నారా?" అని అడిగే ధైర్యం నాకు ఆ ఒప్పందమే ఇచ్చింది. ఊళ్లో ఉన్న అన్నకు ఫోను చేస్తారు, కార్డు ఫొటో వాట్సాప్‌లో వస్తుంది, పని మొదలవుతుంది.

మన దగ్గర పేర్లతో వచ్చే తికమక మరో రకం. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్రం సొంత ఆరోగ్య పథకం ఒక్కటే, కానీ దాని పేరు ప్రభుత్వం మారినప్పుడల్లా రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. రోగులకు అది ఎప్పటికీ ఆరోగ్యశ్రీయే. నేనూ వాళ్లతో ఆ పేరుతోనే మాట్లాడతాను. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలైంది. ఇప్పటికీ 5 లక్షలే అనుకుని, ఖర్చు అంతకు దగ్గర పడుతుంటే బంగారం తాకట్టు పెట్టేవాళ్లు తగులుతూనే ఉంటారు.

నా సమయం ఎక్కువగా తీసుకునేది క్షయ రోగులు. చికిత్స సాగినంత కాలం పోషకాహారం కోసం నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు 500 రూపాయలు 2018 ఏప్రిల్ నుంచి ఇస్తున్నారు. 2024 నవంబర్ 1 నుంచి దాన్ని 1,000 చేశారు. అంతకంటే నాకు ముఖ్యమనిపించింది ఇచ్చే పద్ధతి మారడం. ఆరు నెలల మొత్తాన్ని 3,000 చొప్పున రెండు విడతలుగా, ముందుగానే ఇవ్వాలన్నారు. మొదటి విడత చికిత్స మొదలైనప్పుడు, రెండోది 84 రోజుల మందులు పూర్తయ్యాక. క్షయ సోకిన కూలీకి మొదటి రెండు నెలలే గండం. పనికి వెళ్లలేడు, మందులు కడుపులో తిప్పుతాయి, తినాలనిపించదు, తినడానికి ఇంట్లో ఏమీ ఉండదు కూడా. గుడ్లు, పప్పు కొనడానికి అప్పుడే డబ్బు కావాలి. చికిత్స అయిపోయాక వచ్చే డబ్బుతో పాత అప్పు తీరుతుంది తప్ప ఒళ్లు పట్టదు. ఈ సంగతి ఎవరో గ్రహించి ఉత్తర్వులో రాశారు. ఆ మనిషి ఎవరో తెలిస్తే దండం పెట్టేదాన్ని.

అయితే ఉత్తర్వు ఎంత బాగున్నా డబ్బు బ్యాంకు ఖాతా గుండానే రావాలి. ఒక తాపీ మేస్త్రీకి మొదటి విడత ఎంతకూ పడలేదు. నిక్షయ్ పోర్టల్‌లో నమోదు ఉంది, ఖాతా నంబరు సరిగానే ఉంది. పాసుబుక్కు తెమ్మన్నాను. అట్ట చిరిగి, మధ్యలో దారంతో కుట్టిన ఆంధ్రా బ్యాంకు పుస్తకం తెచ్చాడు. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైంది, తర్వాత శాఖల ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు మారాయి. నమోదు చేసినవారు పుస్తకం మీద అచ్చైన పాత కోడ్ ఎక్కించారు. కొత్త కోడ్ వేయించాక డబ్బు పడింది. అప్పటి నుంచి పాసుబుక్కు చేతికి రాగానే మొదట చూసేది బ్యాంకు పేరు. ఏ మార్గదర్శకంలోనూ ఇది ఉండదు. కానీ విధానం రోగి చేతికి చేరేది ఇలాంటి సందుల్లోంచే.

డబ్బుతో సంబంధం లేని మార్పులు కూడా పేదల మేలుకే పనికొస్తాయి. మందులకు లొంగని క్షయకు బీపామ్ అనే నాలుగు మందుల చికిత్సను కేంద్రం 2024 సెప్టెంబర్‌లో ఆమోదించింది. అంతకు ముందు 20 నెలల దాకా సాగే చికిత్స, తగిన రోగుల్లో ఆరు నెలలకు తగ్గుతుంది. రోజుకూలీ మీద బతికే ఇంటికి అన్ని నెలలు కలిసిరావడం ఎంత పెద్ద సాయమో లెక్కలు వేసి చెప్పనక్కరలేదు.

డిశ్చార్జి రోజున ఏమవుతుందో కూడా చెబుతాను, ఎందుకంటే ఎక్కువ డబ్బు అనవసరంగా పోయేది అక్కడే. ఆయుష్మాన్ భారత్ నిబంధనల్లో ఆసుపత్రిలో చేరడానికి ముందు మూడు రోజుల ఖర్చు, ఇంటికి వెళ్లాక 15 రోజుల వరకు మందులు, పరీక్షల ఖర్చు ప్యాకేజీలోనే ఉన్నాయి. ఈ సంగతి తెలియని కుటుంబాలు డిశ్చార్జి చీటీ పట్టుకుని నేరుగా బయట మెడికల్ షాపుకు వెళతాయి. నేను గేటు దగ్గర కనిపిస్తే వెనక్కి తీసుకొచ్చి ఫార్మసీ కిటికీ దగ్గర నిలబెడతాను. అక్కడ 'స్టాకు లేదు' అన్న మాట వినిపిస్తే లిఖితపూర్వకంగా ఇవ్వమని అడగండి, లేదా ఆయుష్మాన్ హెల్ప్‌లైన్ 14555కు ఫోను చేయండి అని రోగులకు నేర్పుతున్నాను. రాసిమ్మని అడిగినప్పుడు స్టాకు దొరకడం నేను చాలాసార్లు చూశాను.

బయట కొనక తప్పని వాళ్లకు మరో మార్పు ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. 33 ప్రాణరక్షక ఔషధాలపై పూర్తిగా ఎత్తేశారు. పాత స్టాకు మీద పాత ధరే అచ్చై ఉండవచ్చు, స్ట్రిప్పులన్నీ వెనక్కి తెప్పించి కొత్త లేబుల్ వేయాలన్న నిర్బంధం కంపెనీలకు పెట్టలేదు. కానీ అమ్మాల్సింది తగ్గిన ధరకే. అచ్చులో ఉన్న ధర చూసి నోరు మూసుకోకండి, సవరించిన ధరల జాబితా అడగండి అని చెబుతాను. నెల నెలా రక్తపోటు, చక్కెర మందులు కొనే ఇంటికి ఆ తేడా చిన్నదేమీ కాదు.

అసలు పెద్ద లోటు అక్కడే ఉంది. ఆయుష్మాన్ అయినా ఆరోగ్యశ్రీ అయినా ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారికి పనికొస్తాయి. ఓపీకి వచ్చి, చీటీ రాయించుకుని, బయట మందులు కొనుక్కుని వెళ్లే మనిషికి కార్డు అక్కరకు రాదు. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశంలో ఆరోగ్యం మీద అయ్యే మొత్తం ఖర్చులో జనం జేబులోంచి పెట్టేది 2013-14లో 64.2 శాతం, 2021-22 నాటికి 39.4 శాతం. తగ్గిన మాట వాస్తవం, సంతోషం. కానీ నూటికి దాదాపు 40 రూపాయలు ఇంకా జేబులోంచే పోతున్నాయి. మా రోగులకు జేబంటే వడ్డీ వ్యాపారి. 2017 జాతీయ ఆరోగ్య విధానం 2025 నాటికి ప్రభుత్వ ఆరోగ్య వ్యయం స్థూల దేశీయోత్పత్తిలో 2.5 శాతానికి చేరాలని రాసుకుంది. 2021-22 లెక్కల్లో అది 1.84 శాతం. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే నాకు ప్రతి ఉదయం ఓపీ వరుసలో కనిపిస్తుంది.

ఇవన్నీ ఎక్కడ చూస్తానని తోటి ఉద్యోగులు అడుగుతుంటారు. పార్లమెంటు నడిచే రోజుల్లో ఆరోగ్య శాఖ ప్రశ్నలు రాజ్యసభలో మంగళవారం, లోక్‌సభలో శుక్రవారం వస్తాయి. ఆ లిఖితపూర్వక సమాధానాలు చదువుతాను. అనుబంధాల్లో రాష్ట్రాలవారీ పట్టికలు ఉంటాయి, ప్రకటనలో కనిపించని నిజం తరచుగా అక్కడే బయటపడుతుంది. ఆయుష్మాన్‌ను నడిపే జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ సర్క్యులర్లు చూస్తాను. మారినవాటిని ఒక్క కాగితం మీద తెలుగు, హిందీ, ఉర్దూల్లో రాసి ఓపీ చీటీలిచ్చే కిటికీ పక్కన అంటిస్తాను. ఒడియా తెలిసిన నర్సు ఒకామె ఈమధ్య నాలుగో భాష కూడా చేర్చింది.

ఇది నా ఇష్టం మీద, నా తీరిక మీద ఆధారపడి నడవడం మాత్రం అన్యాయం. నేను సెలవు పెట్టిన వారం ఆ కాగితం పాతబడుతుంది. సోషల్ వర్కర్ లేని జిల్లా ఆసుపత్రుల్లో ఆ కాగితమే ఉండదు. కోట్ల రూపాయల పథకం పెట్టినవారు, ఆ పథకంలో ఏం మారిందో రోగికి చెప్పే మనిషికి ఒక జీతం పెట్టలేరా? ప్రతి బోధనాసుపత్రిలో, ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఈ ఒక్క పనికి ఒక్క పోస్టు ఉండాలని మా పై అధికారులకు రాశాను, మళ్లీ రాస్తాను.

ప్రస్తుతం నా కళ్లు క్యాన్సర్ డే కేర్ కేంద్రాల మీద ఉన్నాయి. మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో వాటిని పెడతామని, 2025-26లోనే 200 తెరుస్తామని 2025 కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు. ఆదిలాబాద్ వైపు నుంచి కీమో కోసం రాత్రి బస్సెక్కి వచ్చి, మందు ఎక్కించుకుని, వాంతులు చేసుకుంటూ మళ్లీ బస్సెక్కే ఆడవాళ్లు మా దగ్గర ఉన్నారు. వాళ్ల జిల్లాలో కేంద్రం తెరుచుకుందా, అక్కడ వాళ్ల మందు ఉందా, సెలైన్ పెట్టే నర్సుకు కీమోలో శిక్షణ ఉందా అన్నది ఒక్కొక్క జిల్లాకూ ఫోను చేసి కనుక్కుంటున్నాను. మూడింటికీ ఔనన్న జవాబు వచ్చిన జిల్లా పేరు ముందు ఆ కాగితం మీదికి ఎక్కుతుంది.