అపార్ట్‌మెంట్ తడి చెత్త, చింతామణి టమోటా తోట

"మన కంపోస్టు రైతులకు ఇద్దాం" అనే మాట బెంగళూరు అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో తరచూ వస్తుంటుంది. ఆలోచన మంచిదే, కానీ రైతు మనల్ని ఎందుకు నమ్మాలి? బెంగళూరు శివార్లలోని మండూరు, మావళ్ళిపుర ఊళ్ళు ఏళ్ళ తరబడి ఈ నగరం చెత్త మోశాయి. ఊరివాళ్ళు పోరాడితే గానీ మండూరుకు లారీలు ఆగలేదు, అదీ 2014 చివర్లో. అందుకే బెంగళూరుకు తూర్పున చింతామణి, ముళబాగిలు వైపు మన తెలుగు రైతులతో మాట్లాడితే ధరకన్నా ముందు వచ్చే ప్రశ్న ఇది: "గాజు పెంకులేం లేవు గదా సార్?"

దానికి జవాబు వంటింట్లోనే ఉంది. పచ్చ డబ్బాలో తడి, ఎర్ర డబ్బాలో శానిటరీ, సంచిలో పొడి చెత్త వేయాలన్న పద్ధతికి 2015లో కర్ణాటక హైకోర్టు ఆదేశం కూడా ఉంది. పచ్చ డబ్బాలో ప్లాస్టిక్ కవరు పరిస్తే మొత్తం పాడవుతుంది. చిరిగిన ముక్కలు ఎరువులో కలిసిపోతే జల్లెడకూ పూర్తిగా దొరకవు. న్యూస్‌పేపరు చాలు. పచ్చళ్ళు, సాంబారు మిగుళ్ళు ఎక్కువైతే ఉప్పు పేరుకుని లేత నారు మాడిపోతుంది. వాటిని వడగట్టి, కొద్దికొద్దిగానే వేయాలి.

బకెట్ తడి చెత్తకు బకెట్ ఎండుటాకులు కలపండి. గుప్పిట పట్టి పిండితే చేయి తడవాలి, నీళ్ళు కారకూడదు. కంపు కొడుతోందంటే తేమ ఎక్కువైంది, గాలి ఆడటం లేదు. ఆకులు వేసి తిరగేస్తే సర్దుకుంటుంది. తెల్ల బూజుకు భయపడక్కర్లేదు. వారానికోసారి తిరగేస్తూ దాదాపు రెండు నెలలు, ఆపైన రెండు మూడు వారాలు ఊరికే మాగనివ్వాలి. చాలామంది తొందరపడేది ఇక్కడే. మాగని ఎరువు మట్టిలో మళ్ళీ వేడెక్కి నత్రజనిని లాక్కుంటుంది, మొక్క పసుపుబారుతుంది. ఒక్క మడి అలా పోయిందంటే ఆ ఊళ్ళో మీ బస్తా మళ్ళీ ఎవరూ దింపుకోరు. తడిపిన పిడికెడు ఎరువును కవర్లో మూసి మూడు రోజుల తర్వాత వాసన చూడండి. మట్టి వాసన రావాలి. తర్వాత 4 మి.మీ. జల్లెడ పట్టి, ల్యాబులో లవణాల పరీక్ష చేయించండి. సిటీ కంపోస్టుకు, అంటే నగర చెత్తతో చేసిన ఎరువుకు, విద్యుత్ వాహకత (లవణాలు ఎంతున్నాయో చెప్పే కొలత) 4 dS/m దాటకూడదు. ఆ కాగితం రైతు చేతిలో పెట్టండి.

ఇంటికి రోజుకు అరకిలో చొప్పున 100 ఫ్లాట్ల నుంచి ఏడాదికి 18 టన్నుల తడి చెత్త వస్తుంది. మాగితే అందులో ఐదో వంతు, మూడున్నర టన్నులు మిగులుతుంది. పొలమంతా చల్లితే ఎకరాకే చాలదు. అదే టమోటా గుంతకు 200 గ్రాములు వేస్తే ఎకరాకు 5,500 మొక్కల లెక్కన మూడెకరాలకు సరిపోతుంది.

రవాణాకు వేరే బండి వద్దు. నగరంలో కూరగాయలు దింపి ఖాళీగా తిరిగెళ్ళే టెంపోతో మాట్లాడుకోండి.

ఆ బండిలోనే టమోటా తెప్పించుకోవాలంటే నాటేటప్పుడే ధర అనుకోవాలి, కింది హద్దు, పై హద్దు రెండూ. మార్కెట్‌లో ధర పడిపోతే ఫ్లాటువాళ్ళు తప్పుకుంటారు. 2023 జూలైలోలా కిలో వంద దాటితే రైతు మండీ వైపు చూస్తాడు. ఇద్దరిలో ఎవరినీ తప్పుపట్టలేం. అందుకే అడ్వాన్సు ముందే కట్టిన ఇళ్ళనే లెక్కలోకి తీసుకుని, 15 కిలోల బాక్సుల్లో ఆర్డరు చెప్పండి. "చూద్దాం లెండి" అన్నవాళ్ళ పేర్లు రైతుకు చెప్పొద్దు.