గుణదల మెట్ల మీద ఒక శనివారం

గుణదల మేరీమాత పండుగ ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా. ఆ రోజుల్లో బెజవాడలో ఆ కొండ దారి ఇసకేస్తే రాలనంత జనం. అందుకే మా మేనత్త పండక్కి ముందే ఒక శనివారం వెళ్దామంది. ఆమె నన్ను పట్టుబట్టి లాక్కెళ్లడానికి వేరే కారణం ఉందిలెండి. ఆఫీసులో నాకు రావాల్సిన ప్రమోషన్ ఇంకొకరికి పోయినప్పటి నుంచి, ఇంట్లో ఏ మాట మొదలైనా నేను దాన్ని అక్కడికే తీసుకొచ్చి ఆపేదాన్ని. పప్పు మాడినా నా తలరాతే.

గుంటూరులో బస్సెక్కి, బెజవాడలో దిగి ఆటో పట్టుకున్నాం. కొండ కింద కొట్లలో కొవ్వొత్తులు, కొబ్బరికాయలు, పూలదండలు, జపమాలలు. తలనీలాలిచ్చి గుండుకి గంధం పూసుకున్న పిల్లలు. నుదుట బొట్టుతో వచ్చి మాతకి కొబ్బరికాయ కొట్టే ఆడవాళ్లూ ఇక్కడ మామూలే. 1924లో ఆర్లాటి అనే ఇటలీ ఫాదర్ ఈ కొండ మీద మాత స్వరూపం పెట్టించినప్పటి నుంచి ఈ రాకపోకలు పెరుగుతూనే వచ్చాయి.

మెట్లెక్కుతూ అత్త జపమాల తీసింది. జపమాల చెబుతూ యేసు, మరియమ్మల జీవితంలోని ఘట్టాల్ని ఐదేసి చొప్పున తలచుకుంటాం. వాటినే దేవరహస్యాలంటారు. సంతోషానివి, దుఃఖానివి అంటూ ఏ రోజుకి ఏవో లెక్క ఉంటుంది. నేను అలవాటుగా ఆఫీసు సంగతి ఎత్తుకున్నాను. రెండు మలుపులు ఓపిగ్గా వింది. తర్వాత ఆయాసంతో గోడకి ఆనుకుని, "దుఃఖ దేవరహస్యాలు ఏ రోజుల్లో చెబుతామే?" అంది.

"మంగళవారం, శుక్రవారం."

"మరి నువ్వేంటి, వారమంతా శుక్రవారమే చేసుక్కూర్చున్నావు?"

నాకు ఒళ్లు మండింది. కానీ మామయ్య పోయాక కుట్టుమిషన్ మీద ఇద్దరు పిల్లల్ని పెంచిన మనిషి ఆమె. ఆ మాట అనే హక్కు ఆమెకుంది.

శనివారం కదా, సంతోష దేవరహస్యాలు. చిన్నప్పటి నుంచి నోటికొచ్చినవే. ఐదో దాని దగ్గర మాత్రం ఆగిపోయాను. పన్నెండేళ్ల యేసు యెరూషలేములో తప్పిపోతాడు. మూడు రోజులు వెతికాక దేవాలయంలో కనిపిస్తాడు. నాలుగో రహస్యంలోనే ముసలి సిమియోను మరియమ్మతో, నీ హృదయంలోకి ఒక ఖడ్గం దూసుకుపోతుందని చెప్పి ఉంటాడు. వీటిని సంతోషం లెక్కలో ఎలా వేశారు?

అత్తనడిగాను. "దొరికాడు కదే!" అని పూస జరిపేసింది.

నమ్మకం ఉంటే కష్టమే రాదనే ప్రసంగాలు నాకెప్పుడూ ఎక్కవు. 1858లో ఫ్రాన్సులోని లూర్దులో మాత దర్శనం పొందిన బెర్నదెత్తకి కూడా ఉబ్బసం పోలేదు. 35 ఏళ్లకే చనిపోయింది. అక్కడి ఊటనీళ్లతో ఎంతమందికో నయమైందంటారు, ఆమెకి కాలేదు. సంతోషంలో కూడా మూడు రోజుల వెతుకులాట ఉంటుందని ఒప్పుకునే ఈ ప్రార్థన నాకు అందుకే నిజాయితీగా అనిపించింది. కొండ మీద మాత స్వరూపం ఉన్న గుహ ముందు కొవ్వొత్తి వెలిగించి నిలబడ్డాను. గాలికి రెండుసార్లు ఆరిపోతే పక్కనున్న ముసలాయన తన కొవ్వొత్తితో ముట్టించాడు. ప్రమోషన్ కావాలని అడుగుదామనే వచ్చాను. ఆ పూట అడగబుద్ధి కాలేదు.

ఆఫీసులో ఏమీ మారలేదు. అదే కుర్చీ, అదే జీతం. రాత్రి పడుకోబోయే ముందు ఆ రోజు రహస్యాలు ఏవో చూసుకుని జపమాల చెబుతున్నాను. మంగళ, శుక్రవారాల్లో ఆ ప్రమోషన్ తలచుకుని తృప్తిగా ఏడుస్తాను. బుధవారం ఆ ఊసెత్తితే అత్త ఫోన్ పెట్టేస్తుంది.