వెనక అద్దం మీద నామం

ఎర్రావారిపాళెం దాటినాక మా అత్తగారి ఊరికి మళ్లితే ఆరు కిలోమీటర్లు మట్టి రోడ్డు. ఎండాకాలంలో ఆ ఆరు కిలోమీటర్లు పోయి దిగి చూస్తే, నేను కొన్నది తెల్ల కారేనా అని నాకే అనుమానం వస్తుంది.

సైకిళ్లను కారు వెనక స్టాండుకు కట్టుకొని మొదటిసారి పోయింది పోయిన ఏప్రిల్లో. తిరుపతి నుంచి తొక్కుకుంటూ పోవచ్చు కదా అంటారేమో. పన్నెండేళ్ల మావాడిని వెంటబెట్టుకొని భాకరాపేట ఘాట్ ఎక్కే ధైర్యం నాకు లేదు. ఉన్నా వాళ్లమ్మ పోనివ్వదు.

దుమ్ము పడకుండా రెండు సైకిళ్ల మీదా నీలం టార్పాలిన్ పట్ట కప్పి, నైలాన్ తాడుతో బిగించా. చంద్రగిరి దాటక ముందే పట్ట పటపటా కొట్టుకోవడం మొదలైంది. రెండుసార్లు ఆపి ముడి బిగించా. మట్టి రోడ్డులోకి దిగాక ముందు ఒక ట్రాక్టర్. దాన్ని తిట్టుకుంటూనే ఊరు చేరా.

పట్ట తీస్తే లోపల పిడికెడు ఎర్రమట్టి. దుమ్ము కింద నుంచి దూరింది, బయటికి పోయే దారి లేక అక్కడే ఉండిపోయింది. పట్ట కొట్టుకున్న ప్రతి చోటా ఆ దుమ్మే గరుకు కాగితంలాగా పనిచేసి, నా సైకిల్ పైకడ్డీ మీద జానెడు మేర రంగు మసకబారింది. చైను సంగతి చెప్పనక్కర్లేదు. మా మామ ఒకసారి చూసి, "ఏం అల్లుడూ, చైనుకు బొట్టు పెట్టి తెచ్చినారే!" అన్నాడు.

నవ్వులాటకు పోయిన పరువును కాపాడుకోవాలని బోరు మోటారు పైపు పెట్టి రెండిటినీ కడిగేశా. తళతళా మెరిసిపోయాయి. సాయంత్రం తొక్కితే కిర్రు కిర్రు.

తిరుపతికి వచ్చాక నేను ఎప్పుడూ పోయే సైకిల్ షాపు పెద్దాయన పెడల్‌ను వెనక్కి తిప్పి, చెవి దగ్గర పెట్టి విన్నాడు. "ఇది చైను కాదు సామీ, ఆకురాయి" అన్నాడు. నూనెలో దుమ్ము కలిస్తే ఆ ముద్ద ఇనుమును అరగదీస్తుందట. చైను ఊడదీసి డీజిల్ పోసిన డబ్బాలో వేసి ఆడించాడు. అడుగున చేరిన మడ్డి అచ్చం చిక్కటి రాగి జావ. పైపుతో నీళ్లు కొట్టానని చెబితే నెత్తి కొట్టుకున్నాడు. నీళ్లు జోరుగా కొడితే పైన ఉన్న ఇసక బేరింగుల్లోకి పోతుంది, గ్రీజూ పోతుంది.

అసలు సంగతి తెలిసింది మాత్రం మావాడి పుణ్యాన. ఊర్లో ఆడుకుంటూ కారు వెనక అద్దం మీద వేలితో పెద్ద నామం గీశాడు. తిరుపతి పిల్లోడు కదా, వేరే ఏం గీస్తాడు! దాన్ని తుడవబోతూ చూస్తే ముందు అద్దం మీద పలచగా పొర, పక్క అద్దాలు ఫరవాలేదు, వెనక మాత్రం బొమ్మలేసేంత మందం. కారు ముందుకు పోతుంటే వెనక గాలి పీడనం తగ్గుతుంది. మన టైర్లు లేపిన దుమ్మంతా అక్కడికే సుడి తిరిగి వచ్చి కూర్చుంటుంది. నేను సైకిళ్లు వేలాడదీసింది సరిగ్గా ఆ చోటే. పాపం ట్రాక్టరాయన.

ఇప్పుడు నా సైకిల్ కారు లోపలే. వెనక సీటు మడిచి, పాత దుప్పటి పరిచి, ముందు చక్రం తీసి, చైను ఉన్న వైపు పైకి వచ్చేట్టు పడుకోబెడతా. చైను కిందికి ఉంటే బరువంతా గేరు మీద పడి వంగుతుంది. డిస్క్ బ్రేకు ఉంటే చక్రం తీసిన చోట ప్యాడ్ల మధ్య అట్టముక్క దోపాలి. మావాడు ఊరికే బ్రేకు లివర్ నొక్కినందుకు దగ్గరికొచ్చేసిన ప్యాడ్లను విడదీయడానికి స్క్రూడ్రైవర్‌తో అరగంట తిప్పలు పడ్డా.

వాడి సైకిల్‌కు లోపల చోటు లేదు, వెనక స్టాండే గతి. దానికి పట్ట కప్పను. చైనుకు, గేర్లకు మాత్రం పాలిథిన్ కవరు చుట్టి, పాత ట్యూబు కోసిన ముక్కలతో కడతా. గాలికి రెపరెపలాడదు. మిగతాది దుమ్ము పట్టనీ, రంగు మీద దుమ్ము పోతుంది. అయితే పొడిగుడ్డతో రుద్దకూడదు, గీతలు పడతాయి. ముందు మెత్తటి బ్రష్‌తో దులిపి, తర్వాత తడిగుడ్డ. నంబర్ ప్లేటు, లైట్లు కనపడుతున్నాయో లేదో చూసుకోవడం ఎటూ తప్పదు.

ముఖ్యమైన పని ముందురోజు రాత్రిది. పాత పంచె ముక్కతో చైనును గుడ్డకు నల్లమరక అంటడం ఆగేదాకా తుడుస్తా. నూనె వేసేది ఊరు చేరాకే. పొడి చైనుకు దుమ్ము అంతగా పట్టదు. నూనె సీసా డాష్‌బోర్డులో ఉంటుంది, ఒక్కో లింకుకూ ఒక్కో చుక్క, పైన మిగిలింది మళ్లీ తుడిచేయాలి. మైనంతో చేసే, జిడ్డు లేని రకం నూనె దొరికితే మా ఎర్రమట్టికి అది ఇంకా మేలు.

తిరుగు ప్రయాణంలో కొత్త గొడవ. ఊర్లో తొక్కిన సైకిల్‌ను దులపకుండా కారులో పెడితే మా ఆవిడ ఎక్కదు. దులిపి పెట్టినా మట్టి రోడ్డు అయ్యేదాకా అద్దాలు ఎత్తేసి, ఏసీ లోపలి గాలినే తిప్పేట్టు పెట్టాలి. మొన్న మా అత్త పాత నూలు చీర ఒకటి మడిచి ఇచ్చింది, "సైకిల్ మీద కప్పుకోండి నాయనా" అని. కప్పకూడదని చెప్పలేక దుప్పటి పైన పరిచా. ఆమె చూసి సంతోషంగానే చెయ్యి ఊపింది.