అన్న జేబులోని పుస్తకం

మంచినీళ్ళ కుండ నింపే వంతుల పుస్తకం మన బడి పాత విద్యార్థులైన మీలో ఎంతమందికి గుర్తుందో తెలియదు. మన బడిలో నాకంటే మూడు తరగతులు ముందు చదివిన అన్న దాన్ని రాసేవాడు. ఎవరు నింపారు, ఏ పూట నింపారు, ఎవరు ఎగ్గొట్టారు, అన్నీ ఉండేవి. పెద్దింటి పిల్లల పేర్లనూ దాచేవాడు కాదు. ఈ వ్యాసంలో తన పేరు వేయవద్దన్నాడు కనుక, కందుకూరు లారీ స్టాండులో అందరూ పిలిచినట్టే అన్న అనే రాస్తున్నాను.

పదో తరగతితో అన్న చదువు ఆగిపోయింది. లారీ క్లీనరుగా చేరి, కొన్నేళ్ళకు స్టీరింగ్ పట్టాడు. జేబులో పుస్తకం మాత్రం అలాగే ఉండిపోయింది.

మా నాన్నా లారీ డ్రైవరే. మామిడి కాలంలో ఉలవపాడు కాయలు మద్రాసు మార్కెట్టుకు చేర్చేవాడు. ఒకరోజు తెల్లవారుజామున ఎర్రబడ్డ కళ్ళతో వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. అన్న పక్కన కూర్చుని పుస్తకం తీశాడు.

"బాబాయ్, లోడు ఎన్నింటికి పూర్తయింది? తడ చెక్‌పోస్టు దగ్గర ఎంతసేపు ఆపారు? తిరుగు ప్రయాణంలో ఎక్కడైనా పడుకున్నావా?"

నాన్న విసుక్కుంటూనే చెప్పాడు. అన్న కూడి చూసి, మోటారు రవాణా కార్మికుల చట్టం గురించి చెప్పాడు. 1961లో వచ్చిందట. రోజుకు 8 గంటల పని, వారానికి 48. వరసగా 5 గంటలు చేస్తే అరగంట విశ్రాంతి. ఒకరోజు పని ముగిశాక మర్నాడు బండెక్కేలోపు 9 గంటల విరామం.

"ఓనరుకు ఎవరు చెబుతారురా?" అన్నాడు నాన్న.

"అందరం కలిసి వెళ్దాం బాబాయ్."

2025లో రద్దయిన ఆ చట్టం అయిదుగురు, అంతకు మించి పనివాళ్ళున్న చోటే వర్తించేది. ఒకటి రెండు లారీల యజమానుల దగ్గర పనిచేసేవారికి ఆ అండ ఉండేది కాదు. వాళ్ళ కోసం అన్న ఇల్లిల్లూ తిరిగి మాట్లాడేవాడు. తర్వాత సంఘం కార్యదర్శి అయ్యాడు, సమ్మెలు నడిపాడు. వాటి గురించి నాకంటే బాగా తెలిసినవాళ్ళున్నారు.

నేను మరచిపోలేనిది ఒక డ్రైవరు భార్య సంగతి. అతను ప్రమాదంలో పోతే, అసలు నా దగ్గర పనే చేయలేదన్నాడు యజమాని. 1923 నాటి పరిహార చట్టం ప్రకారం నెల జీతంలో సగాన్ని, వయసును బట్టి నిర్ణయించిన అంకెతో హెచ్చవేసి కుటుంబానికి ఇవ్వాల్సి ఉండేది. ముందు పనిచేసినట్టు రుజువు కావాలి. అన్న పుస్తకంలో ఆ డ్రైవరు ట్రిప్పులన్నీ ఉన్నాయి: లారీ నంబరు, సరుకు, తేదీ, అందిన బత్తా. కేసు ఒంగోలులో నడిచింది. అప్పట్లో మన జిల్లా కేంద్రం అదే. వాయిదా పడినప్పుడల్లా అన్న తన ట్రిప్పు మానుకుని, బత్తా పోగొట్టుకుని, ఆమెను అక్కడికి తీసుకెళ్ళేవాడు. పరిహారం వచ్చింది.

మొన్న సంక్రాంతికి స్టాండుకు వెళ్ళాను. రేకు పెట్టె నిండా పాత పుస్తకాలే. మీసాలైనా రాని క్లీనరు కుర్రవాడు ఎదురుగా కూర్చుని ఉన్నాడు. అన్న కొత్త పుస్తకం చేతికిచ్చి, మొదటి పేజీలో గీతలు గీసి చూపించాడు.

"ఇక్కడ ఎక్కిన టైము. ఇక్కడ దిగిన టైము. నీ చేత్తో నువ్వే రాయి."