పన్ను కట్టననేవాడిని ఏం చేస్తారు?

అసలు రాజ్యమే అక్కర్లేదనే అరాచకవాదులకూ, చిన్న ప్రభుత్వం చాలనే వ్యక్తివాదులకూ సర్కారు పెత్తనం గిట్టదు. అందుకని ఇద్దరినీ ఒకే గాటన కట్టేస్తుంటారు. ఎవరేమిటో తేలాలంటే ఇద్దరికీ ఒకే ప్రశ్న వెయ్యాలి: అందరికీ పనికొచ్చే ఖర్చులో తన వాటా ఇవ్వనన్నవాడిని ఏం చేస్తారు?

చిన్న ప్రభుత్వం కోరేవాళ్లు సూటిగానే చెబుతారు. పోలీసు, కోర్టు, సైన్యం, ఈ మూడింటికే పన్ను. అది ఎగ్గొడితే జప్తు. అంతకు మించి వసూలు చేస్తే దోపిడీ. అమెరికా రచయిత్రి అయిన్ ర్యాండ్ ఇంకో అడుగు ముందుకేసి ఆ మూడింటికీ బలవంతపు పన్ను వద్దంది. ఒప్పందం రాసుకున్నవాళ్లు కోర్టు అండ కావాలనుకుంటే రుసుము కట్టాలి, ఆ డబ్బుతో ప్రభుత్వం నడవాలి అని ఒక నమూనా చూపింది. అంత దూరం వెళ్లినా అరాచకవాదాన్ని ఆవిడ ఒప్పుకోలేదు.

అమెరికా తత్వవేత్త రాబర్ట్ నోజిక్ 1974లో అసలు రాజ్యమే లేని చోటు నుంచి లెక్క మొదలుపెట్టాడు. మనుషులు డబ్బిచ్చి రక్షణ సంఘాలు పెట్టుకుంటారు. పోనుపోను ఒక ప్రాంతంలో ఒక సంఘానిదే పైచేయి అవుతుంది. సొంతంగా విచారించి శిక్షలు వేసుకునేవాళ్లను, వాళ్ల విచారణ నమ్మదగ్గది కాదని అది ఆపుతుంది. ఆపినందుకు పరిహారంగా వాళ్లకూ రక్షణ ఇస్తుంది. అలా ఎవరి హక్కూ పోకుండానే చిన్న రాజ్యం ఏర్పడింది అంటాడు. నా అభ్యంతరం ఆ ఆపడం దగ్గరే. ఎవరి విచారణ నమ్మదగ్గదో తేల్చేది ఆ బలమైన సంఘమే. తన తగువులో తనే తీర్పరి.

అరాచకవాది జప్తు చెయ్యడు, పొత్తు తెంచుకుంటాడు. వాటా ఇవ్వనివాడికి సంఘంలో చోటుండదు, అంతే. ఆస్తి దగ్గర మాత్రం వాళ్లలో వాళ్లకే పడదు. భూమి ఉమ్మడిగా ఉండాలంటాడు రష్యా అరాచకవాది క్రొపోట్కిన్. దున్ని వాడుకునేవాడిదే భూమి అంటాడు అమెరికా వ్యక్తివాద అరాచకవాది బెంజమిన్ టక్కర్. నెల్లూరు డెల్టాలో కౌలుకు చేసే మాగాణికి ఇది పెట్టి చూడండి. నోజిక్ లెక్కలో, న్యాయంగా చేతులు మారివస్తే, పొలం పట్టాదారుది, ఆయన హైదరాబాదులో ఉన్నా సరే. టక్కర్ లెక్కలో కౌలు రైతుది. ఇద్దరూ వ్యక్తి స్వేచ్ఛ పేరే చెబుతారు.

పొత్తు తెంచుకోవడమంటే ఎలా ఉంటుందో మన ప్రాంతం 1921లోనే చూసింది. 2022 దాకా ప్రకాశం జిల్లాలో ఉన్న చీరాలను పేరాలతో కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచితే జనం కట్టేది లేదన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో వేలమంది ఇళ్లకు తాళాలు వేసి ఊరి బయట పాకలు వేసుకున్నారు. రామనగరం అని పేరు పెట్టుకున్న ఆ పాకల ఊరు సుమారు 11 నెలలు నిలిచింది. కాపలాకు రామదండు అనే వాలంటీర్ల దళం ఉండేది. తర్వాత గోపాలకృష్ణయ్య జైలుపాలయ్యాడు, పాకల్లో కష్టాలు పెరిగాయి, జనం వెనక్కి వచ్చారు. అక్కడ గమనించాల్సింది ఒకటుంది: చీరాల జనానికి లేచిపోవడానికి వీలుంది. నేతగాడు మగ్గాన్ని మోసుకుపోవచ్చు, రైతు పొలాన్ని మోసుకుపోలేడు.

అందుకే ఈ రెండు వాదాలకూ అసలు పరీక్ష కాలువ దగ్గర. పాత చెరువుల కింద రైతులు ఎండాకాలంలో తలా ఇంత వంతున మనుషుల్ని పంపి వాగుకాలువ పూడిక తీసుకునేవాళ్లు. ఎగువవాడు ఒక్కడే ఆ పని చెయ్యలేడు. దిగువవాడి మనుషులు కావాలి కాబట్టి దిగువకు నీళ్లు వదిలేవాడు. ఈ కట్టుబాటు పట్టు సడలుతుండగానే కాబోలు, 1858లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ పనిని చట్టంతో తప్పనిసరి చేశారు.

నాగార్జునసాగర్ కుడి కాలువ వచ్చాక లెక్క తిరగబడింది. పూడిక తీసేది కాంట్రాక్టరు, డబ్బిచ్చేది నీటిపారుదల శాఖ. ఒంగోలు బ్రాంచి చివరి ఆయకట్టు రైతుతో ఎగువ రైతుకు పనే లేదు. గండి కొట్టినా, మోటారు పెట్టి తోడినా ఎగువవాడికి పోయేదేమీ లేదు. ఉమ్మడి వనరులను జనం ఎలా నడుపుకుంటారో పరిశోధించిన ఎలినోర్ ఆస్ట్రమ్ బృందం నేపాల్లో చూసిందీ ఇదే. ఏటా కొట్టుకుపోయే మట్టి ఆనకట్టల కింద నీళ్లు బాగా పంచుకున్నారు. పక్కా కట్టడం ఉన్నచోట చాలాసార్లు చివరివాడి వంతు ఎండింది.

చిన్న ప్రభుత్వవాది ఇక్కడ ‘హక్కు రాసివ్వండి, కోర్టు చూసుకుంటుంది’ అంటాడు. నారుమడి పది రోజుల్లో ఎండుతుంది, వాయిదా ఎప్పటికో పడుతుంది. పైగా ఇతరులకు సరిపడా మిగిల్చినప్పుడే సొంతం చేసుకోవచ్చన్నది ఇంగ్లీషు తత్వవేత్త జాన్ లాక్ పెట్టిన షరతు. తూములో లేని నీటికి ఆ షరతు ఎలా తీరుతుంది?

1997 సాగునీటి యాజమాన్య చట్టం నీటి సంఘాలను తెచ్చింది. రైతులే ఎన్నుకున్నారు, వంతుల పట్టిక రాసే అధికారమూ ఇచ్చారు. నీటి తీరువా, అంటే సాగునీటి పన్ను, మాత్రం రెవెన్యూ వాళ్ల చేతిలోనే ఉండిపోయింది. డబ్బు పైనుంచి రావాల్సిన సంఘం ఎగువ రైతు ముందు గట్టిగా నిలబడలేదు.

నా లెక్కలో ఇక్కడ అరాచకవాదుల దారే మేలు, అయితే మూడు ఏర్పాట్లు కావాలి. తీరువా సంఘమే వసూలు చేసి సంఘమే ఖర్చు పెట్టాలి. ప్రతి తూము దగ్గరా నీటి మట్టం చూపే గేజి పలక ఉండి, ఆ రోజు కొలత అందరికీ కనబడేలా రాయాలి. వంతు చివరి పొలం నుంచి మొదలై పైకి రావాలి, అప్పుడు కాలువ బాగు చెయ్యాల్సిన అవసరం ఎగువవాడికీ పడుతుంది. ఇవి ఉండీ గండి కొడితే మాత్రం ఆ ఒక్క తగువు తేల్చడానికి బయటి తీర్పరి ఉండాలి. ఆ పాటి రాజ్యాన్ని నేను ఒప్పుకుంటాను, అదీ వారం లోపు తీర్పు చెప్పగలిగితేనే.